ముద్ర లేని అతుకు

ఒకటే టిక్కు. పొద్దున ఆరింటికి ఫోనులో నేను పంపిన మాట పక్కన పదింటికి కూడా ఒకటే బూడిదరంగు టిక్కు. రెండోది పడితే అక్కడి ఫోనుకు చేరినట్టు, రెండూ నీలమైతే హలీమా చదివినట్టు. మనవరాలు లాస్య నాకీ లెక్క నేర్పి రెండేళ్ళయింది, ఎందుకు నేర్చుకున్నానా అని ఈ పూట మొదటిసారి అనిపిస్తోంది. ఉత్తరాల రోజుల్లో చేరిందో లేదో తెలియదు కాబట్టి మనిషి డబ్బాలో వేసి వచ్చి తన పని చూసుకునేవాడు. నేనేమో లాలాగూడలో మా ఇంటి మేడ మీద, నీళ్ళ ట్యాంకు నీడలో, బోర్లించిన పెయింటు డబ్బా మీద కూర్చుని, ఫోను తెర ఆరిపోయినప్పుడల్లా బొటనవేలితో లేపుతున్నాను. కింద ఇంట్లో సిగ్నలు సరిగా ఉండదు, మేడ మీదయితే నాలుగు గీతలూ నిండుగా ఉంటాయి. అక్కడ ఎన్ని గీతలున్నాయో, అసలు ఉన్నాయో లేవో. అక్కడంటే సూడాన్ పడమటి అంచున, ఉమ్ హజర్ అనే శరణార్థుల క్యాంపులో. తొమ్మిది వందల కుటుంబాలు, ఒకే ఒక్క బోరుబావి. పదిహేడేళ్ళ కిందట ఆ బావిలోకి పదిహేడు పైపులు దించింది నేను, ఈ చేతులతోనే.

అప్పుడు నా దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు ఆ బావిని చూసుకుంటున్న హలీమా దగ్గర్నుంచి నిన్న సాయంత్రం ఒక్క ముక్క వచ్చింది. 'చాచా, బావి పైపులు తీస్తున్నాం, రేపు మీ పదకొండుకు ఫోన్ చేస్తా.' అంతే. ఎందుకు తీస్తున్నారో లేదు. పంపు చెడిపోయి ఉంటుంది, ఇంకేముంటుంది. ఇంజను నేల మీదే ఉంటుంది కాబట్టి అది ఎన్నిసార్లు మొరాయించినా విప్పి బాగుచేసుకోవచ్చు, హలీమా బాగుచేసుకుంది కూడా, ఆ ఇంజను గుండెకాయ ఆమెకు తెలిసినంత నాకూ తెలియదిప్పుడు. పంపు మాత్రం పైపుల చివర, పాతాళంలో ఉంటుంది. పదిహేడేళ్ళలో ఆ పైపుల జోలికి ఎవరూ పోలేదు, పోవలసిన అవసరం రాలేదు, అదే కదా నా గొప్ప. రాత్రికి రాత్రే జవాబు రాయవలసింది. పొద్దున లేచి రాశాను. 'ఆగండి. నేను మాట్లాడేదాకా తాళ్ళతో లాగకండి.' ఎందుకు లాగకూడదో రాయలేదు. రాయాలంటే ఎంత, నాలుగు మాటలు. ఐదో అతుకు పాడు పని, చేసింది నేను. ఐదోదా, ఎనిమిదోదా? చూడు, అదీ సరిగా గుర్తు లేదు. పైనుంచి ఐదోదో, ఎనిమిదోదో, ఒక అతుకు ఉంది. తాళ్ళు కట్టి ఇరవై మంది హైసా అని గుంజితే, గుంజిన ప్రతిసారీ కుదుపు నేరుగా పోయి ఆ అతుకు మీద పడుతుంది. అది ఊడితే దాని కింది పైపులన్నీ, పంపుతో సహా, బావి అడుగుకు పోయి కూర్చుంటాయి. ఆ తర్వాత ఆ బావి బావి కాదు. తొమ్మిది వందల కుటుంబాలకు తాగడానికి చుక్క ఉండదు. ఇంత తెలిసి కూడా నాలుగు మాటలు రాయని మనిషిని ఏమనాలి? నేను సిగ్గుపడుతున్నాను, ఇంకేమీ కాదు, ఈ వయసులో, ట్యాంకు నీడలో, సిగ్గుపడుతున్నాను.

సిగ్గు నాకు అలవాటు లేని వస్తువు. నా పని గురించి నాకెప్పుడూ అనుమానం లేదు. మా నాన్న ఇక్కడే రైల్వే కార్ఖానాలో కమ్మరి, నేను ఫిట్టరు. సైరను కూయడానికి పది నిమిషాల ముందే గేటు దగ్గరుండే ఇల్లు మాది. మా షాపులో పద్ధతి ఒకటుండేది. ప్రతి ఫిట్టరుకూ ఒక నంబరు, ఆ నంబరు చెక్కిన ఉక్కు పంచి. నాది ముప్పై ఏడు. చేసిన పని మీద ఆ పంచి పెట్టి సుత్తితో ఒక్కటి వేయాలి. ముద్ర పడిందంటే ఇది నేను చేశాను, చెడితే నన్నడగండి అని. ముద్ర లేని పనిని ఎవడూ ముట్టుకోడు, బండికి బిగించడు, చేసినవాడెవడో కనుక్కుని రమ్మంటారు. లాతూరు భూకంపమప్పుడు నెల రోజుల సెలవు పెట్టి చేతిపంపులు బిగించడానికి వెళ్ళినవాణ్ణి, తిరిగొచ్చినా ప్రాణం అక్కడే ఉండిపోయింది, చివరికి నౌకరి వదిలి, ఆ పంపులు వేయించిన సహాయ సంస్థలోనే చేరిపోయాను. నా భార్య ఎల్లమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. పర్మనెంటు నౌకరి వదిలేవాణ్ణి లాలాగూడలో ఎవరూ చూసి ఉండలేదు మరి. వెళ్తూ వెళ్తూ పంచి జేబులో వేసుకున్నాను, వాపసు ఇవ్వాలని ఎవరూ అడగలేదు, నేనూ గుర్తుచేయలేదు. ఆ తర్వాత భుజ్‌లో, సునామీ ముంచిన ఊళ్ళలో, ఏ దేశమో పలకడం కూడా రాని చోట్ల, నేను బిగించిన ప్రతి అతుకు మీదా ముప్పై ఏడు ఉంటుంది. కొంతమంది గుళ్ళలో రాళ్ళ మీద పేర్లు చెక్కించుకుంటారు. నా పేరును నేల లోపల నీళ్ళు తడుపుతూ ఉంటాయని నాకెంత పొగరుగా ఉండేదో. ఉమ్ హజర్ బావిలో పదిహేడు పైపులకు పదహారు అతుకులు. పదిహేనింటి మీద ముద్ర ఉంది.

"సూడాన్ గురించి మళ్ళీ సమావేశమట చారిగారూ. పన్నెండు దేశాలవాళ్ళు కూర్చుంటారట, కాల్పులు ఆపమని తీర్మానం చేస్తారట," అన్నారు నా ఎదురుగా కూర్చున్న హేమచంద్ర గారు పేపరు మడతపెడుతూ.

"కూసోనీ సార్. కుర్సీలు మెత్తగుంటయ్ ఆడ."

"మీకన్నీ వేళాకోళమే."

గురువారం గురువారం ఆయన తిరుమలగిరి నుంచి బస్సెక్కి వస్తారు. అల్లం చాయ్ ఒకటి, పేపర్లు రెండు, లోకం మొత్తం ఒకటి, పన్నెండింటికల్లా ముగించి మళ్ళీ బస్సు. దివిసీమ మనిషి. డెబ్బై ఏడు ఉప్పెనలో కాలేజీ కుర్రాడిగా శవాలు మోశారు, ఆ వాసన పోగొట్టుకోవడానికే ఈ ఉద్యోగంలోకి వచ్చానంటారు, అది పోలేదని కూడా అంటారు. ఉమ్ హజర్‌లో ఆయన క్యాంపు మేనేజరు, నేను నీళ్ళ పని. అందుకే ఇప్పటికీ సార్ అంటాను, నాకంటే నాలుగేళ్ళు చిన్నవాడైనా. ఆయనకు లోకం పేపర్లో కనిపిస్తుంది, దేశాలు, సరిహద్దులు, ఎవరి ఓడ ఏ రేవులో ఉంది, ఎవరి విమానం ఎవరికి ఆయుధాలు దింపింది. నాకు లోకం అతుకుల్లో కనిపిస్తుంది. యుద్ధం ఎక్కడ మొదలవుతుందో చెప్పమంటే నేను మ్యాపు చూడను, నీళ్ళ దగ్గర వరుస చూస్తాను. బిందెల వరుస పొడవు పెరిగి, ముందున్నవాళ్ళు వెనక్కి చూడటం మానేశారంటే ఇంకో నెలలో అక్కడ కర్రలు లేస్తాయి. మూడు దేశాల్లో చెప్పాను, మూడుసార్లూ నిజమైంది. ఈ మాట ఏ సమావేశంలోనూ ఎవరూ నన్నడగలేదు. అడిగి ఉంటే లేచి నిలబడి చెప్పేవాణ్ణి, నా ఇంగ్లీషుకు నేనెప్పుడూ భయపడలేదు. అరబ్బీకి కూడా. కితాబ్, ఖలం, ఖబర్, వక్త్, సబర్, సగం మాటలు మన పట్నం ఉర్దూవే కదా, సికింద్రాబాదు వాడు ఆ దేశంలో మూగవాడిగా బతకక్కర్లేదు. హలీమా నన్ను చాచా అని పిలవడం నా దగ్గర నేర్చుకున్నదే.

తెర లేపాను. ఒకటే టిక్కు. పదీ ఇరవై.

హేమచంద్ర గారికి ఆ అతుకు సంగతి తెలియదు. ఇది అసలు ముల్లు. ఈయన ఎక్కడ మాట్లాడినా, కాలేజీల్లో పిల్లలకు, రిటైరైన వాళ్ళ సంఘంలో, పెళ్ళిళ్ళలో భోజనాల బంతిలో కూడా, మా చారిగారి బావి పదిహేడేళ్ళుగా నీళ్ళిస్తూనే ఉందండీ అని మొదలుపెడతారు. బొల్లారంలో ఒకసారి శాలువా కప్పించారు నాకు. అప్పుడు మెడ మీద ఆ శాలువా బరువు ఎంతుందో నాకు తెలుసు. చెప్పొచ్చు, ఆ రోజే చెప్పొచ్చు, స్టేజీ దిగి ఆటోలో వస్తూ చెప్పొచ్చు. ఆయన ఎంత సంతోషంగా ఉన్నారంటే ఆ సంతోషం చెడగొట్టబుద్ధి కాలేదు అని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. చెడిపోతుందని భయపడ్డది నా సంతోషమే.

బావిలోకి పైపులు దించిన రోజేమయిందంటే, చుట్టాలు వస్తున్నారన్నారు. డబ్బిచ్చే దేశం నుంచి ఆరుగురు, కెమెరాలతో. క్యాంపుల్లో పనిచేసినవాళ్ళకు ఈ మాట అర్థమవుతుంది. చుట్టాలొస్తున్నారంటే గుడారాల తాళ్ళు బిగుస్తాయి, మరుగుదొడ్లకు సున్నం పడుతుంది, ఆరు నెలలుగా రాని మందులు ఆ వారంలో వస్తాయి. రేపు పదింటికల్లా నీళ్ళు పడాలి చారిగారూ, వాళ్ళ కళ్ళ ముందు పడాలి, లేకపోతే వచ్చే ఏడు క్యాంపుకు డబ్బు రాదు అన్నారు హేమచంద్ర గారు. తప్పేం లేదు అందులో, అది ఆయన పని. కాదు, కుదరదు అనడం నా పని. అడుగు పైపు ముందు దిగుతుంది, దాని మీద ఒకటి, దాని మీద ఒకటి, అట్లా దించుకుంటూ వస్తున్నాం, మధ్యాహ్నం ఒక పైపు తీస్తే దాని చివర మరలు నలిగిపోయి ఉన్నాయి, లారీలోంచి దింపేటప్పుడు ఎవడో రాయి మీద పడేశాడు. మరలు లేనిదే పైపులను కలిపే సాకెట్టు పట్టదు. వేరే పైపు రావాలంటే ఎనిమిది రోజులు. ఎనిమిది రోజులు ఆగుదాం అనాలి, ఈ ఒక్క మాట అంటే సరిపోయేది. ముప్పై ఏడో నంబరు బ్రహ్మచారి చేతకాదన్నాడని ఎవరైనా అంటారేమోనని, ఒక పెద్ద పైపు ముక్క కోసి, రెండు పైపుల మీదా తొడుగులా వేసి వెల్డింగ్ చేశాను. వెల్డింగ్ రాడ్లు వానకు తడిసి ఉన్నాయి. తడి రాడ్డుతో చేసిన వెల్డింగ్ బయటికి నున్నగా ఉంటుంది, లోపల గుల్ల. అది నాకు తెలుసు, నా చెయ్యికి తెలుసు. పంచి తీసి పెట్టాను దాని మీద, సుత్తి కూడా ఎత్తాను. దించేశాను. వచ్చే వారం కొత్త పైపు రాగానే మారుద్దాంలే, అప్పుడు కొడదాం ముద్ర అనుకున్నాను. మర్నాడు పదింటికి నీళ్ళు పడ్డాయి. చుట్టాలు చప్పట్లు కొట్టారు, హలీమా దోసిలి పట్టి తాగింది, ఫోటో ఉంది, కింద గదిలో అల్మారా మీద ఇప్పటికీ ఉంది. తొమ్మిదో రోజున మా సంస్థను దేశం వదిలి పొమ్మన్నారు. ముందురోజే రావలసిన కొత్త పైపు దారిలోనే ఉండిపోయింది.

"ఓ లాస్య తాతా! నల్లా ఒచ్చింది! మోటర్ ఏస్తున్న, ఆ బాల్ వాల్వు జెర సూడు, నిన్న మస్తు నీళ్ళు కారి పాయె!" కిందినుంచి ఎల్లమ్మ.

"వేయ్ వేయ్, నేను ఈడనే ఉన్న."

"ఉంటె ఏం లాభం, నీ పానమంత ఆ ఫోన్లనే ఉంది."

నిజమే. మోటారు గుర్రుమంది, ట్యాంకులో నీళ్ళు పడుతున్న చప్పుడు. లోకమంతా తిరిగి నీళ్ళిచ్చినవాడి ఇంట్లో బాల్ వాల్వు కారుతుందని ఎల్లమ్మ వీధంతా చెప్పుకుంటుంది, నేను కాదనను. మూత తీసి చెయ్యి పెట్టాను, తేలే బంతి కాడ వంగిపోయింది, వంచి సరిచేశాను, రేపు కొత్తది తెచ్చి వేయాలి. వేస్తాను. ఇదిగో, ఈ 'వేస్తాను' అన్న మాటే. నేను ఇంట్లో ఎన్నిటికి ఈ మాట అన్నానో అన్నీ ఎల్లమ్మకు గుర్తున్నాయి, తేదీలతో సహా చెబుతుంది, అక్కడిది ఒక్కటే ఆమెకు తెలియదు. నీళ్ళు చల్లగా ఉన్నాయి. మనకు రోజు విడిచి రోజు నల్లా. పదిహేనేళ్ళ కిందట క్యాంపుల్లో మనిషికి రోజుకు పదిహేను లీటర్లు లెక్క, అంతకు తగ్గితే నేను మేనేజరు మీద అరిచేవాణ్ణి. మా గల్లీలో ఎదురింటి బుచ్చమ్మ దుకాణం మడిగ కడగడానికే అంత పోస్తుంది. పోయనీ, ఉన్నన్నాళ్ళు పోసుకోనీ, నాకు ఆమె మీద కోపం లేదు. నీళ్ళున్నచోట మనిషి నీళ్ళ గురించి ఆలోచించకుండా బతకాలి, దానికోసమే కదా మేమంతా పనిచేసింది.

పదీ నలభై. హేమచంద్ర గారు రెండో పేపరు తెరిచారు. ఏ ఊరు ఎవరి చేతిలోకి పోయిందో చదువుతున్నారు. ఆ ఊరి పేరు నాకు తెలుసు, అక్కడి సంతలో నేను కత్తెర కొన్నాను, ఎల్లమ్మ ఇంకా వాడుతుంది. అక్కడినుంచి ఉమ్ హజర్ లారీలో మూడు గంటలు. సార్, ఆపండి అందామనుకున్నాను, అనలేదు. నా చెవుల్లో ఇంకో చప్పుడు వినబడుతోంది. భుజ్‌లో ఒకసారి విన్నాను, వేరేవాళ్ళ బావిలో, తాడు తెగి పైపులు పడిపోయిన చప్పుడు. ముందు ఏమీ వినిపించదు, ఒక ఊపిరి తీసుకునేంత సేపు ఏమీ ఉండదు, ఆ తర్వాత నేల కిందినుంచి వస్తుంది, పాదాల్లోంచి వస్తుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఖాళీ బిందెలు ఎత్తుకుని వెళ్ళిపోయారు. ఒక్కరైనా తిడతారేమోనని చూశాను. ఐదోదా, ఎనిమిదోదా? ఐదో అతుకు వచ్చేదాకా తాళ్ళు వద్దని చెప్పి, అది నిజంగా ఎనిమిదోదైతే? ఆలోచించు బ్రహ్మచారీ. ఆ మధ్యాహ్నం ఏం చూశావు? ఎండ. తడి రాడ్ల మీద టార్పాలిన్. తొడుగు ముక్క కోసి తల ఎత్తితే ఎదురుగా ఏముంది? స్టాండు మీద మిగిలిన పైపులు. వాటి మీద ఎవరో పడుకున్నారు. డ్రైవర్లు! పైపుకొకడు చొప్పున, తువ్వాళ్ళు మొహాల మీద కప్పుకుని, అన్నం తిని పడుకున్నారు, లేవండిరా అని తట్టి లేపింది నేనే. లేస్తూ ఒకడు పైపుతో పాటు దొర్లి కింద పడ్డాడు, మిగతా నలుగురూ నవ్వారు. నలుగురు. ఒకడు పడ్డాడు, నలుగురు నవ్వారు. మరలు నలిగిన దానితో కలిపి ఐదు పైపులు మిగిలాయి, ఐదూ ఆ అతుకు పైనే ఉంటాయి. అంటే అతుకు పైనుంచి ఐదోదే. ఐదోదే! పెయింటు డబ్బా మీదినుంచి లేచి నిలబడ్డాను. ఏమయింది చారిగారూ అన్నారాయన. ఏం లేదు సార్ అన్నాను, ఇంకోసారి, పదిహేడేళ్ళుగా అంటున్న మాటే.

పదకొండు. కార్ఖానా వైపు ఏదో ఇంజను కూసింది. పదకొండూ ఐదు. పదకొండూ పది. ఫోను మోగింది.

మొదట గాలి, తర్వాత గాడిద ఓండ్రింపు, తర్వాత హలీమా. మేం మాట్లాడుకునేది విరిగిన ఇంగ్లీషు, నడుమ అరబ్బీ, నడుమ మన పట్నం మాటలు. తెలుగులో పెడితే ఇట్లా ఉంటుంది.

"చాచా, వినిపిస్తోందా? సంతలో శాటిలైటు ఇంటర్నెట్ డబ్బా ఉన్నవాణ్ణి బతిమాలి, గాడిద బండి మీద బావి దాకా తెచ్చాం. గంట ఇచ్చాడు."

"హలీమా, ముందుగాల నా మాట విను. తాళ్ళు గుంజకున్రి."

మాట అక్కడికి పోయి రావడానికి రెండు క్షణాలు పడుతుంది. ఆ రెండు క్షణాలూ నేను చచ్చిపోయాను.

"గుంజడం లేదు. నిన్న మధ్యాహ్నమే ఆపేశాను. నాలుగు పైపులు బయటికొచ్చాయి. ఐదోది చాలావరకు లేచింది, దానికి ఇనుప పట్టీ బిగించి బావి నోటి మీద నిలబెట్టాం. రాత్రంతా అట్లాగే వేలాడుతోంది."

"ఎందుకు ఆపినవ్?"

"ఒక్కో అతుకు పైకి రాగానే బురద తుడిచి మీ ముద్ర చూస్తున్నాను. ముప్పై ఏడు, ముప్పై ఏడు, ముప్పై ఏడు, ముప్పై ఏడు. ఐదో అతుకు బావి నోటి దగ్గరికి రాగానే చెయ్యి పెట్టి చూశాను. ముద్ర లేదు. ఆకారం కూడా వేరు. మగవాళ్ళు ఇంకొక్క గుంజు గుంజుదాం అన్నారు. నేను ఒప్పుకోలేదు. ముద్ర లేని పనిని ముట్టుకోవద్దు, చేసినవాణ్ణి అడగాలి, మీరే కదా చెప్పారు."

చెప్పాను. ఇంజను పక్కన ఇసుకలో కూర్చోబెట్టి, ఇరవై ఏళ్ళ పిల్లకు, మా షాపు పద్ధతి చెప్పాను. వెళ్ళేరోజు పంచి కూడా ఆమె చేతిలోనే పెట్టాను, ఇక నుంచి నీ పని మీద నువ్వు కొట్టు అని.

"మీ తర్వాత ఎవరో చేశారు చాచా. మేం క్యాంపు వదిలి పారిపోయిన ఏడాది ఒకటుంది కదా, అప్పుడు ఏ తెలివితక్కువవాడో వచ్చి విప్పి ఇట్లా తగలేశాడు. మీరయితే ఇట్లాంటి పని చేయరు. వాడెవడో మీకేమైనా తెలుసా?"

ఎంత చక్కగా దారి తీసి పెట్టింది. తలుపు తీసి, గడప తుడిచి, లోపలికి రండి చాచా అంటోంది. తెలియదమ్మా అంటే చాలు. ఎట్లా తీయాలో చెప్పేస్తే బావి బతుకుతుంది, నా పేరు బతుకుతుంది, శాలువా బతుకుతుంది. వచ్చే గురువారం హేమచంద్ర గారు మళ్ళీ మొదలుపెడతారు, పదిహేడేళ్ళండీ అని. ఎవరికి నష్టం? ఎవరికీ లేదు. అబద్ధానికి ఇంత మంచి చోటు నా జన్మలో ఎప్పుడూ దొరకలేదు. హేమచంద్ర గారు పేపరు దించి నన్నే చూస్తున్నారు, ఫోను చప్పుడు ఆయనకూ వినిపిస్తోంది. ట్యాంకులో నీళ్ళు పడుతున్నాయి. నిన్న మధ్యాహ్నం ఇరవై మంది మగవాళ్ళ నడుమ నిలబడి, ఆపండి అన్న మనిషిని తలుచుకున్నాను. నేను చెప్పిన మాటను నాకంటే బాగా పట్టుకుంది. ఆ మాటను నమ్మే కదా చేసినవాణ్ణి అడుగుతోంది. ఇప్పుడు చేసినవాడు పలకకపోతే ఇక ఆ మాటకు అర్థం ఏముంది?

"నేనే," అన్నాను. "ఆ అతుకు ఏసింది నేనే హలీమా. తెల్సి ఏసిన పాడు పని. అందుకే ముద్ర కొట్టలే."

బావి దగ్గర ఎవరికో ఏదో చెప్పి మళ్ళీ ఫోనులోకి వచ్చింది.

"అయితే ఎట్లా తీయాలో మీకే తెలుసు," అంది. "చెప్పండి."

చెప్పాను. ఎంత ధైర్యంగా చెప్పానో నాకే ఆశ్చర్యం. తాళ్ళు విప్పెయ్, మగవాళ్ళను దూరంగా కూర్చోమను. లారీ జాకీలు రెండు తెప్పించు, పట్టీకి అటొకటి ఇటొకటి పెట్టి, రెండూ ఒకేసారి తిప్పాలి, వేలెడు వేలెడు లేపాలి, కుదుపు ఉండకూడదు. అతుకు నేల మీదికి వచ్చి, దాని కింద జానెడు పైపు కనబడగానే అక్కడ రెండో పట్టీ బిగించు. రెండో పట్టీ బిగిశాక భయం లేదు, బరువంతా దాని మీదే. రెంచి పెట్టొద్దు, అది మరలు కాదు, ఇనుము కోసే హాక్సా బ్లేడుతో అతుకు పైనా కిందా కోసెయ్. సంతకు వచ్చిన లారీల వాళ్ళ దగ్గర్నుంచి జాకీలు అప్పటికే తెచ్చి పెట్టుకుందట. అదీ హలీమా. ఫోను పక్కన రాయి మీద పెడుతున్నాను వినండి అంది. విన్నాను. నేనూ, హేమచంద్ర గారూ, లాలాగూడ మేడ మీద, ఇనుము తిరుగుతున్న చప్పుడు విన్నాం. ఆగిన చప్పుడు విన్నాం. ఎవరో దేవుడి పేరు తలుచుకున్నారు. ఎల్లమ్మ నల్లా పోయిందని కిందినుంచి అరిచింది, మోటారు ఆగింది, అప్పుడు అక్కడి చప్పుడు ఇంకా బాగా వినిపించింది. పట్టీ బోల్టులు బిగుస్తున్నాయి. ఆ తర్వాత హాక్సా, చాలాసేపు హాక్సా. నా చెయ్యి మోకాలి మీద దానితో పాటు ముందుకూ వెనక్కీ కదులుతోందని హేమచంద్ర గారు నా చెయ్యి పట్టుకున్నాక తెలిసింది.

"వచ్చేసింది చాచా. నా చేతిలో ఉంది."

"పంపుకేమైంది ఇంతకు? దేనికి తీస్తున్రు?"

"పంపుకేం కాలేదు. బాగుంది, నీళ్ళూ బాగున్నాయి. మేం వెళ్ళిపోతున్నాం, ఎల్లుండి. ఆ పక్క ఊళ్ళో తుపాకులవాళ్ళు ఇంజను ఎత్తుకుపోయి బావిలో రాళ్ళు పోశారు. మాది అట్లా కానివ్వం. ఇంజను, పంపు, పైపులు, మూడు చోట్ల పాతిపెడతాం. బావి నోటికి ఇనుప రేకు వేసి మట్టి కప్పుతాం. తిరిగొచ్చాక దించుకుంటాం."

తిరిగి ఎప్పుడొస్తారని నేను అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. పేపర్లో సమావేశం ఇంకా తెరిచే ఉంది, గాలికి రెపరెపలాడుతోంది. నాకు కోపం వచ్చింది, చాలా కోపం వచ్చింది, పన్నెండు దేశాల మీదా, ఆ కుర్చీల మీదా. కోపంలోనే చెప్పవలసినవి చెప్పాను. రేకు కింద నూనె గుడ్డ వెయ్యి. పదిహేడు పైపులు, వంద మీటర్లు అని మూడు చోట్ల రాసి పెట్టు, ముగ్గురికి చెప్పి ఉంచు. కింద నీళ్ళెక్కడికీ పోవు, మీరొచ్చేదాకా ఉంటాయి. ఇది ధైర్యం చెప్పడానికి అన్న మాట కాదు, నేల సంగతి నాకు తెలుసు.

హేమచంద్ర గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. "పదింటికల్లా నీళ్ళు పడాలన్నది నేను కదండీ," అన్నారు మెల్లగా. "నాక్కూడా ఒక పంచి ఉండవలసింది చారిగారూ."

"హలీమా," అన్నాను, "నా పంచి ఉన్నదా?"

"నడుముకే కట్టుకున్నాను. ఇది నాతో వస్తుంది."

"ఆ అతుకు కింద పెట్టి, దాని మీద కొట్టు. ముప్పై ఏడు."

"ఇదెందుకు? పారేసే ముక్కే కదా."

"పారెయ్యకు. పైపులతోని కలిపి పాతిపెట్టు. రేపు తీసినప్పుడు ఇదెవరు జేసిన్రని అడిగితె, దానికి పేరుండాలె."

ఫోను రాయి మీద పెట్టిన చప్పుడయింది. నేను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను. గాలి, గాడిద మెడలో గంట, ఎక్కడో ఒక చంటిపిల్ల ఏడుపు. తర్వాత ఇనుము మీద ఇనుము, ఒకే ఒక్క దెబ్బ.